అధిక దిగుబడి సరే, అధిక కూలి ఏదీ?

నానక్‌రామ్‌గూడలో ఇవాళ చేలు లేవు, అద్దాల మేడలున్నాయి. ఆ మేడలకు ఇటుక మోసేది, సెంట్రింగ్ కొట్టేది ఎవరు? నిన్నటిదాకా నాట్ల వరసలో, కోతల వరసలో నడిచిన వ్యవసాయ కూలీలే చాలామంది. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చినోళ్లు. 2016 డిసెంబరులో ఇక్కడే కడుతున్న భవనం కుప్పకూలి వలస కూలీల ప్రాణాలు పోయాయి. దిగుబడులు ఇంతగా పెరిగిన దేశంలో పంట పండించే చేతులకు పల్లెలో బువ్వ ఎందుకు దొరకలేదు? మేము అడిగేది ఇదే.

1966లో ప్రభుత్వం మెక్సికో నుంచి 18 వేల టన్నుల పొట్టి గోధుమ విత్తనం తెప్పించింది. బోర్లాగ్ తయారుచేసిన రకాలవి. ఆ వంశం నుంచే మన దేశంలో కల్యాణ్ సోనా, సోనాలికా వచ్చాయి. పాత రకాలకు ఎరువు ఎక్కువేస్తే ఏపుగా పెరిగి నేలకు ఒరిగేవి. పొట్టి రకం ఒరగదు, బలమంతా గింజకు పడుతుంది. అమెరికా ఓడల కోసం ఎదురుచూసే గతి తప్పడానికి ఆ విత్తనమూ ఒక కారణం. మేము విత్తనానికి శత్రువులం కాము. కానీ దానికి నీళ్లు కావాలె, ఎరువు కావాలె, అప్పు పుట్టాలె. అవి ఉన్నోడి గాదె ముందు నిండింది.

గోధుమకు చలి కావాలి. మన దగ్గర చలి కొద్ది దినాలే, అందుకే యాసంగిలో ఎక్కువగా వరే వేస్తాం. ఆ చలికి తట్టుకునే తెల్లహంస వరి రాజేంద్రనగర్‌లో, ప్రజల సొమ్ముతో నడిచే పరిశోధనలోనే పుట్టింది. అటు ఉత్తరాదిలో 2022 మార్చిలో ఎండలు ముందే ముదిరి గోధుమ గింజ నొక్కులు పోయింది. మే నెలలో కేంద్రం ఎగుమతులు ఆపేసింది. అంటే కొత్త విత్తనం పని ఎప్పటికీ అయిపోదు. ఆ పనిని కంపెనీల సంచులకు వదిలేస్తే పేదరైతు గతేమిటి?

ఇక కూలి సంగతి. కోత మిషను దిగింది, వారాల పని గంటల్లో తేలిపోతోంది. క్వింటాలుకు మద్దతు ధర ఏటా ప్రకటిస్తారు. కనీస కూలి మాత్రం జీవో కాగితం దాటి చేలోకి రాదు. ఆడ, మగ తేడా లేకుండా సమాన కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం చేశారు. ఏ ఊళ్లో అమలైంది?

చిన్నరైతుకు గిట్టుబాటు ధర దక్కకుంటే కూలీకి కూలీ దక్కదు. ఇద్దరి పోరూ ఒకటే. కనీస కూలి అమలు, ప్రభుత్వ విత్తన పరిశోధన, పల్లెలో ఏడాది పొడుగునా పని: ఈ మూడింటి కోసం ఊరూరా సంఘం కట్టాలి. పంట పెరిగితే చాలదు, పంపకం మారాలి.