మంచిమాట ఎవరి నోట?

సంఘానికి మంచి చెప్పాలనుకున్న నాటకకర్తకు అసలు చిక్కు ఆ మంచిని ఎవరి నోట పలికించాలన్నది. సజ్జనుడి నోట పెడితే చప్పట్లు మోగుతాయి, ప్రేక్షకుడు తానూ సజ్జనుణ్ణే అనుకుని ఇంటికి పోతాడు. గురజాడ అప్పారావు ఆ వీలు ఇవ్వలేదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో వితంతు వివాహాల గురించి అనర్గళంగా ఉపన్యసించేది గిరీశం. మాటలన్నీ సరైనవే, మనిషే నమ్మదగనివాడు. విశాఖ మండలంలో మూడేళ్లలో 1034 కన్యాశుల్క వివాహాలు, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, తేలాయని పీఠికలో రాసిన గురజాడ, నాటకంలో మాత్రం అంకెలు అప్పజెప్పించలేదు. ఆడవేషం వేసిన కుర్రాణ్ణి పెళ్లికూతురిగా ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మించాడు. పెళ్లికూతురు నకిలీదని నవ్వుతున్నాం సరే, అసలైన పిల్లనే అమ్మి ఉంటే బేరం సవ్యమైనదేనా?

వరకట్నం మీద కాళ్లకూరి నారాయణరావు రాసిన ‘వరవిక్రయం’ ఇంకా మొండి ఎత్తు వేసింది. కట్నపు పెళ్లి ఇష్టం లేని అక్క కాళింది బావిలో పడి చనిపోవడం కన్నీరు పెట్టిస్తుంది గానీ, నా దృష్టిలో నాటకానికి ప్రాణం చెల్లెలు కమల. డబ్బు పోసి కొన్నాం కనుక వరుడే మా ఇంటికి రావాలని ఆమె పట్టుబడుతుంది. కట్నాన్ని ఖండించదు, దాని తర్కాన్నే అక్షరాలా అమలు చేయమంటుంది. కట్నం పుచ్చుకున్న సింగరాజు లింగరాజుకు నోట మాట రాదు.

ఇంత చేసినా జనం గిరీశాన్నే ముద్దు చేశారు కదా అంటారు. నిజమే, ఈ పద్ధతిలో ఆ ప్రమాదం ఉంది. కానీ మోసగాడి మాటకారితనానికి మనం ఎంత తేలిగ్గా లొంగుతామో ఆ ముద్దే చూపిస్తోంది.

మా జంషెడ్‌పూర్ లాంటి కార్మిక నగరానికి ఇంత డొంకతిరుగుడు దేనికి, సూటిగా చెబితే చాలదా అన్న ఆక్షేపణ మరింత బలమైనది. సూటిదనానికి పేరుపడ్డ వీధినాటకాన్నే చూద్దాం. 1978లో ఢిల్లీ వీధినాటక బృందం జన నాట్య మంచ్ ఆడిన ‘మెషీన్’ వెనక ఉన్నవి క్యాంటీన్, సైకిల్ స్టాండ్ లాంటి కార్మికుల చిన్న కోరికలు. నటులు తమ ఒళ్లతోనే యంత్రమై కదులుతారు, యంత్రం ఆగుతుంది. ఏ నినాదం కన్నా ముందు చూసేవాడికి తాకేది ఆ ఆగడమే.

ఉక్కు కంపెనీని నమ్ముకుని ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు గురజాడ పాత్రల యాస ఇంటి మాటే. పండగ వేదికల మీద పాత నాటకంలోంచి ఒక అంకం ఆడుకోవడంలో తప్పేమీ లేదు. కొత్తగా రాయబోయేవారు మాత్రం కాంట్రాక్టు కూలీ కష్టం మీద ఉపన్యాసం వద్దనుకుని, అతని గేటు పాసునే కథకు కీలకం చేసి చూడాలి: పాసు చెల్లినంతసేపే అతనికి పేరుంటుంది, తోటి పాత్రలు పిలిస్తే పలుకుతాడు. పాసు గడువు తీరాక ఎవరూ అతన్ని గుర్తుపట్టరు, నిన్నటిదాకా పక్కనే పనిచేసిన పర్మినెంటు ఉద్యోగితో సహా.