ఇన్‌ఛార్జిల రాజ్యంలో బడి తనిఖీ

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నాం. నియామకాలు అనగానే మనకు గుర్తొచ్చేవి గ్రూప్-1, డీఎస్సీ, కానిస్టేబుల్ పోస్టులు. ఇంకో కుర్చీ ఉంది. దాని కోసం ఎవరూ ధర్నా చేయరు, ఏ నిరుద్యోగి అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని దాని కోసం చదవడు. అది మండల విద్యాధికారి కుర్చీ, ఊళ్లో అందరూ ఎంఈవో అనే సారుది. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటినా అత్యధిక మండలాల్లో అందులో కూర్చున్నది ఇన్‌ఛార్జే.

సర్కారు బడిని ఎవరు తనిఖీ చేస్తారో మనలో చాలామందికి స్పష్టంగా తెలియదు కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం. ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులను ఎంఈవో చూడాలి. హైస్కూళ్లను డిప్యూటీ ఈవో చూడాలి. వాళ్ల మీద డీఈవో, ఆయన మీద హైదరాబాద్, వరంగల్‌లలో ఆర్జేడీలు, అందరి మీదా పాఠశాల విద్యా డైరెక్టర్. కాగితం మీద మెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. కింది మెట్టే ఖాళీ.

ఇన్‌ఛార్జి ఎంఈవో అంటే ఎవరు? అదే మండలంలో ఒక హైస్కూలు హెడ్మాస్టర్. పొద్దున తన బడి ప్రార్థన చూసుకోవాలి, పదో తరగతి ఫలితాలకు జవాబు చెప్పాలి. ఆ మిగిలిన టైములో మండలం మొత్తం టీచర్ల జీతాల బిల్లులు, సెలవులు, మధ్యాహ్న భోజనం బిల్లులు, పుస్తకాల పంపిణీ, యూడైస్ లెక్కలు, ప్రైవేటు బడుల గుర్తింపు ఫైళ్లు. ఎన్నికలొస్తే ఆ పని అదనం. ఇన్ని చేశాక ముప్పై నలభై బడులు తిరిగి, ఒక్కో తరగతిలో గంట కూర్చుని, మూడో తరగతి పిల్ల తెలుగు వాక్యం చదవగలుగుతోందో లేదో చూడటానికి ఆయనకు ఎన్ని చేతులుండాలి? కొన్నిచోట్ల ఒకే సారు రెండు మూడు మండలాలు మోసిన రోజులూ ఉన్నాయి. 2024లో ప్రభుత్వం మళ్లీ సీనియర్ హెడ్మాస్టర్లకే అదనపు బాధ్యత అప్పగించి, మండలానికి ఒకరు ఉన్నారనిపించింది.

ఇంకో చిక్కు ఉంది. తనిఖీ చేసే ఈ సారు, చేయించుకునే సార్లు ఒకే మండలంలో కలిసి పనిచేసేవాళ్లు, ఒకే సంఘం సమావేశంలో పక్కపక్కన కూర్చునేవాళ్లు. రేపు ఈయన బాధ్యత పోతే ఇంకో హెడ్మాస్టర్ వచ్చి ఈయన బడినే చూస్తాడు. రిజిస్టర్‌లో గట్టి మాట ఎవరు రాస్తారు? మా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కోడ్ రాసినవాడే టెస్టింగ్ చేసి, తనే సంతకం పెడితే క్లయింట్ ఒప్పుకోడు. బడికి క్లయింట్లు తల్లిదండ్రులు. వాళ్లనెవరూ అడగరు.

మరి పోస్టులు ఎందుకు నింపలేదు? జవాబు ఉద్యమకారులమైన మనకు కొంచెం ఇబ్బందికరమైనదే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు మనకు ప్రాణం. 610 జీవో అంటూ గొంతు చించుకున్నది వాటి అమలు కోసమే. అయితే ఆ ఉత్తర్వుల పరిధిలోకి ప్రభుత్వ బడుల టీచర్లు వస్తారు, జిల్లా పరిషత్, మండల పరిషత్ టీచర్లు రారు. సంఖ్యలో ఎక్కువ మంది పంచాయతీరాజ్ వాళ్లే. ఎంఈవో, డిప్యూటీ ఈవో పదోన్నతి ఎవరికి దక్కాలన్న పంచాయితీ ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలై కోర్టుల చుట్టూ తిరుగుతోంది. ఇద్దరినీ కలిపే ఏకీకృత సర్వీసు రూల్స్ కోసం 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులకు సవరణ తెచ్చారు. 2018లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. పార్టీలు మారాయి, ప్రభుత్వం మారింది, ముడి అట్లాగే ఉంది. దీనికి ఆంధ్ర పాలకులను తిట్టే వీలు 2014 జూన్ 2తోనే పోయింది.

ముడి విప్పకుండానే మండలాలు మాత్రం పెంచుకున్నాం. 459 ఉన్నవి ఇప్పుడు 600 పైచిలుకు. పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. కొత్త జిల్లాకు కలెక్టర్, ఎస్పీ వచ్చినంత వేగంగా డీఈవో రాలేదు. ఒకే డీఈవో రెండు జిల్లాలు చూడటం మామూలైపోయింది. చిన్న జిల్లాలతో పాలన గడప దగ్గరికొస్తుందని మనమే ఇక్కడ సభలు పెట్టి చెప్పాం కదా, ఆ గడపలో బడి లేదా?

ఖాళీని నింపుతున్నది క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు, అంటే సీఆర్‌పీలు. సమగ్ర శిక్షలో కాంట్రాక్టు ఉద్యోగులు. బడులు తిరుగుతారు, లెక్కలు తెస్తారు. 2024 డిసెంబర్‌లో క్రమబద్ధీకరణ కోసం సమ్మెకు దిగిన సమగ్ర శిక్ష ఉద్యోగుల్లో వాళ్లూ ఉన్నారు. తన ఉద్యోగానికే భరోసా లేని మనిషి, ఇరవై ఏళ్ల సర్వీసున్న టీచర్‌తో మీ పాఠం బాగాలేదని ఎట్లా అంటాడు? ముఖం చూపించి హాజరు వేసే యాప్ కూడా వచ్చింది. నా వృత్తి ఇదే కాబట్టి చెబుతున్నా: సారు బడికొచ్చాడో లేదో యాప్ చెబుతుంది. పాఠం చెప్పాడో లేదో చెప్పదు.

పాతకాలం గొప్పదని నేను అనడం లేదు. సమితుల రోజుల్లో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే బడికి సున్నం వేయించి, తెలివైన పిల్లలను ముందు కూర్చోబెట్టి, ఆయనకు కోడికూర వండించేవాళ్లని మా నాన్న తరం నవ్వుతూ చెబుతుంది. అయినా ఆయన చేతిలో పిల్లల నోట్‌బుక్ తిరిగేది.

నేనుంటున్న ఇంగ్లండ్‌లో ఈ పని 1992 చట్టంతో వచ్చిన ఆఫ్‌స్టెడ్‌ది. బడి నడిపేది కౌన్సిల్ లేదా ట్రస్టు, తనిఖీ చేసేది వేరే సంస్థ. నివేదిక ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు, తల్లిదండ్రుల అభిప్రాయమూ అడుగుతారు. దాన్ని యథాతథంగా దించుకోమనడం లేదు. 2023 జనవరిలో రీడింగ్‌లో ఒక ప్రాథమిక బడి ప్రధానోపాధ్యాయురాలు ఆత్మహత్య చేసుకున్నారు. అందులో తనిఖీ పాత్ర ఉందని విచారణలో తేలింది. 2024 సెప్టెంబర్‌లో ఒక్క మాటలో గ్రేడు ఇచ్చే పద్ధతిని ప్రభుత్వ బడులకు ఎత్తేశారు. భయపెట్టే తనిఖీ మనకొద్దు. నడిపేవాడు వేరు, చూసేవాడు వేరు అన్నదీ, రాసింది తల్లిదండ్రులకు చూపాలన్నదీ, ఈ రెండూ చాలు.

ఎందుకంటే మన దగ్గర తల్లిదండ్రులకు చివరికి మిగిలింది కమిటీ పేరే. విద్యాహక్కు చట్టం 2009 బడి యాజమాన్య కమిటీకి పర్యవేక్షణ అధికారం ఇచ్చింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘాల వాళ్లు మరమ్మతు పనులు చూశారు. మంచిదే. కానీ మొన్న ఊరెళ్లినప్పుడు ఒక తల్లిని తనిఖీ గురించి అడిగితే, "బడికి ఎవలొచ్చిండ్రో, ఏం రాసిండ్రో మాకెట్ల తెలుస్తది బిడ్డా" అంది.

ఇక మన సంగతి. ఊరి బడికి కంప్యూటర్లు, బెంచీలు, రంగులు అని ఏటా చందాలు వేస్తున్నాం. ఈసారి డబ్బు పంపేముందు హెడ్మాస్టర్‌ను ఒక్కటి అడగండి: బడిని ఆఖరుసారి ఎవరు, ఏ తేదీన తనిఖీ చేశారు, ఏం రాశారు? సమాధానం రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. బ్రిటిష్, అమెరికన్ పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లకు ఆ హక్కు లేదు కాబట్టి ఊళ్లో ఉన్న తమ్ముడితోనో చెల్లెతోనో వేయించండి. మంత్రులు లండన్, డల్లాస్ వచ్చినప్పుడు శాలువా కప్పే ముందు, మీ నియోజకవర్గంలో రెగ్యులర్ ఎంఈవోలు ఎంతమంది అని మైకులోనే అడగండి.