లెక్క తప్పిన రాజు, లెక్క తప్పని దేవుడు

‘‘పాస్టరు గారూ, బైబిల్లో 7 మంచి అంకె కదా, కొత్త బండికి కూడితే ఏడు వచ్చే నంబరు తీసుకోనా?’’ అని ఆ మధ్య మా సంఘంలో ఒక యువకుడు అడిగాడు. నవ్వి ఊరుకోలేకపోయాను. ఆ ఉదయమే ఆరాధనలో నేను ఎన్ని కుర్చీలు నిండాయోనని లెక్కపెట్టుకున్నాను మరి!

లేఖనాల్లో అంకెలకు అర్థముంది, కాదనలేం. ఏడవ దినం దేవుడు విశ్రమించాడు గనుక 7 సంపూర్ణతకు గుర్తు. గోత్రాల వల్ల 12 దేవుని ప్రజలందరికీ గుర్తు. మోషే కొండమీద 40 రోజులు, ప్రజలు అరణ్యంలో 40 ఏళ్లు గడిపారు గనుక 40 పరీక్షకూ సిద్ధపాటుకూ గుర్తు. హెబ్రీ అక్షరాలకు అంకెల విలువ కూడా ఉంది. దావీదు పేరులోని మూడు అక్షరాలు 4, 6, 4 కలిపితే 14. మత్తయి యేసు వంశావళిని పద్నాలుగేసి తరాలుగా మూడు భాగాలు చేయడానికి ఇదే కారణమని చాలామంది పండితులంటారు. కానీ వీటిలో ఒక్కటీ అదృష్ట సంఖ్య కాదు. ఇవి దేవుడు చేసిన కార్యాలకు ఆనవాళ్లు.

గిద్యోను వెంట 32,000 మంది యుద్ధానికొచ్చారు. భయపడేవారు వెళ్లిపోవచ్చంటే 22,000 మంది వెళ్లారు. మిగిలిన 10,000 కూడా ఎక్కువేనన్నాడు దేవుడు. చివరికి 300 మందే మిగిలారు. తమ బలంతోనే గెలిచామని ఇశ్రాయేలీయులు అతిశయించకూడదన్నదే కారణం (న్యాయా. 7:2).

దావీదు దీన్ని మరచిపోయాడు. యోవాబు వద్దన్నా వినకుండా దాను నుండి బెయేర్షెబా వరకు జనాన్ని లెక్కించమన్నాడు. 9 నెలల 20 రోజులు పట్టింది. ఇశ్రాయేలులో 8 లక్షలు, యూదాలో 5 లక్షలు కత్తి దూయగలవారని తేలింది (2 సమూ. 24). లెక్క చేతికొచ్చాక రాజు మనస్సు అతన్నే గద్దించింది. తెగులు వచ్చి 70,000 మంది చనిపోయారు.

అయితే లెక్కించడమే పాపమా? కాదు. మోషే దేవుని ఆజ్ఞ ప్రకారమే 6,03,550 మందిని లెక్కించాడు. అప్పుడు ప్రతివాడూ తన ప్రాణం కోసం అరతులం వెండి ఇవ్వాలన్నది నియమం. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు (నిర్గమ. 30). మనుషులు దేవుని సొత్తని ఆ అరతులం గుర్తుచేసేది. దావీదు మాత్రం వారిని తన కత్తులుగా లెక్కించుకున్నాడని నా అభిప్రాయం. సంఘాన్ని మన ఘనతకు కొలతగా చేసుకున్నప్పుడు కాపరులమైన మనం చేసేదీ అదే.

ఎక్కువగా చూపించుకోవడమే కాదు, తక్కువైపోయామని కుంగిపోవడమూ తప్పుడు లెక్కే. ఏలీయా నాటికి రాజ్యం పది గోత్రాలు ఒకవైపు, యూదా మరోవైపుగా చీలిపోయి ఉంది. అయినా కర్మెలు మీద అతడు బలిపీఠానికి పన్నెండు రాళ్లే తీసుకున్నాడు. మనుషులు విడిపోయినా దేవుని లెక్క మారలేదు. అదే ఏలీయా హోరేబులో ‘నేనొక్కడినే మిగిలాను’ అన్నప్పుడు, బయలుకు మోకరించని 7,000 మంది ఉన్నారని దేవుడు తెలియజేశాడు.

కుర్చీలు నిండాయని నేను సంతోషించిన ఆ ఆదివారానికే, ఒక వృద్ధురాలు మంచాన పడి మూడు వారాలైంది. ఆమె రాలేదన్న సంగతి నాకు తెలియనే లేదు. 99 గొర్రెలున్నా, తప్పిపోయిన ఒక్కదాన్ని వెదికే కాపరి గురించి యేసు చెప్పాడు (లూకా 15). ఆయన లెక్కపెట్టేది ఎందరు వచ్చారని కాదు, ఎవరు రాలేదని.

ఆ యువకునికి నంబరు ఏదైనా ఫరవాలేదు, హెల్మెట్ మాత్రం మరవద్దని చెప్పాను. తర్వాత అతని కొత్త బండి మీదే ఇద్దరం ఆ వృద్ధురాలి ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి వచ్చాం. మీ సంఘంలో ఈ వారం కనబడని ఆ ఒక్కరెవరు?