హక్కు మాట కూడా మాదే

ఎన్నికల ఫలితాలు రాగానే మన పత్రికలన్నిటికీ ఒకే మాట దొరుకుతుంది. ప్రజాతీర్పు. నాకు ఆ మాటతోనే పేచీ. తీర్పు అంటే ఒక కోర్టుండాలి, ఒక జడ్జి ఉండాలి, బోనులో ఒక ముద్దాయి ఉండాలి. పార్టీలూ పార్టీలూ పోటీపడితే గెలిచేదీ ఓడేదీ పార్టీలే కదా. మరి బోనులో మేమెందుకున్నాం? పోటీచేసింది ఎవరో, ఫలితం వచ్చాక తలొంచుకుని నిలబడాల్సింది మేమా?

ఉర్దూలోనూ ఇదే వరస. 'అవామ్ కా ఫైస్లా' అని శీర్షిక పెట్టేస్తారు. ఫైసలా అయిపోయిందంటే ఇక మాట్లాడేదేం లేదు, ఇంటికి పొమ్మని అర్థం.

రెండు భాషల్లో వార్తలు రాసి బతికేవాణ్ణి నేను. 2014 మే 16 రాత్రి ఉత్తరప్రదేశ్ ఫలితాల మీద నాలుగు పేరాలు రాసి డెస్కులో ఇచ్చాను. మా ఇన్‌చార్జి చదివి పక్కన పెట్టాడు. "భాయ్, జనం తీర్పిచ్చిన్రు గదా. ఇప్పుడిది వేస్తే ఏడ్చినట్టుంటది" అన్నాడు. మంచివాడే. ప్రతి రంజాన్ పండక్కీ మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగి పోయేవాడు. చెడ్డవాళ్లు నోరు ముయ్యమంటే జవాబు చెప్పడం సులువు. షీర్ ఖుర్మా తాగిన చెయ్యి భుజం మీద వేసి చెప్పినప్పుడే కష్టం.

ఆ నాలుగు పేరాల్లో ఉన్నది ఏడుపు కాదు, లెక్క. ఉత్తరప్రదేశ్‌లో 80 లోక్‌సభ స్థానాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ముస్లింలు 3 కోట్ల 84 లక్షలు. ఆ 80 మందిలో ముస్లిం ఒక్కరు లేరు. స్వాతంత్ర్యం వచ్చాక అదే మొదటిసారి. ముస్లింలు దాదాపు సగం ఉన్న రాంపూర్‌లో కూడా ఓట్లు చీలి భారతీయ జనతా పార్టీ గెలిచింది. దేశం మొత్తమ్మీద ఆ పార్టీకి 282 సీట్లొస్తే అందులోనూ మావాళ్లు సున్నా. ఆ 282 సీట్లకు పడిన ఓట్లెన్ని? నూటికి 31. తక్కిన 69 మంది ఏమన్నారో ఏ శీర్షికలోనూ లేదు. ఓట్లలో దేశంలోనే మూడో స్థానంలో నిలిచిన బహుజన్ సమాజ్ పార్టీకి ఒక్క సీటూ దక్కలేదు. అంటే బోనులో మా పక్కన దళితులు కూడా ఉన్నారు. వాళ్లనూ చూడనట్టే దాటిపోయింది మన తెలుగు పత్రిక.

సీట్ల లెక్క అట్లా ఉంచండి. ఆ ఎన్నిక ఏ నేల మీద జరిగింది? 2013 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ముజఫర్‌నగర్, షామ్లీ జిల్లాలు తగలబడ్డాయి. 60 మందికి పైగా చనిపోయారు. 50 వేలమందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలే. ఆ చలికాలంలో గుడారాల్లో పసిపిల్లలు చచ్చిపోతుంటే, శిబిరాలు ఖాళీ చేయించింది మా ఓట్లతో గెలిచిన సమాజ్‌వాదీ ప్రభుత్వమే. నాలుగు నెలలు తిరక్కుండానే ఓట్ల పండగ. ఇది పగ తీర్చుకునే ఎన్నిక అని అక్కడ ఉపన్యాసం ఇచ్చిన నాయకుడు అమిత్ షాను ఎన్నికల సంఘం కొద్దిరోజులు ప్రచారం నుంచి ఆపి, మళ్లీ వదిలేసింది. మోదీని వ్యతిరేకించేవాళ్లు పాకిస్తాన్ పోవాలన్న గిరిరాజ్ సింగ్ ఆ ఏడాది నవంబరుకల్లా కేంద్రమంత్రి అయ్యాడు. బోనులో మేమెందుకున్నామని ఇందాక అడిగాను గదా. ఎన్నికనే పగ అన్నాక, ఫలితాన్ని శిక్ష అనుకోకుండా ఇంకేమనుకోవాలి?

ప్రజాస్వామ్యంలో ఓటమిని హుందాగా ఒప్పుకోవాలని మాకు పాఠం చెబుతారు. ఈ పాఠం ఎప్పుడు నేర్చుకున్నారని అడగాలనిపిస్తుంది. 2004లో ఓడిపోయినప్పుడు, సోనియా గాంధీ ప్రధాని అయితే గుండు కొట్టించుకుంటాను, నేల మీద పడుకుంటాను, శనగలు తిని బతుకుతానని సుష్మా స్వరాజ్ ప్రకటించలేదా? 2009లో ఓడాక ఓటింగ్ యంత్రాలనే అనుమానించారు. ఆ మరుసటేడు మన తెలుగువాడే, జీవీఎల్ నరసింహారావు, యంత్రాలను నమ్మలేమంటూ ఏకంగా పుస్తకం రాస్తే దానికి అద్వానీ ముందుమాట. వాళ్లు ఒప్పుకోకపోతే అది దేశం మీద బెంగ. మేం ఒప్పుకోకపోతే దేశద్రోహం.

మేం యంత్రాన్ని కూడా తప్పుపట్టడం లేదు. లెక్క లెక్కే. ఎవరికి సీట్లెక్కువొస్తే వాళ్లు గద్దెనెక్కుతారు, పన్నులు వేస్తారు, రోడ్లు వేస్తారు. మేం ఆ పన్నులు కడతాం, ఆ రోడ్ల మీద నడుస్తాం. ఒప్పుకోనిది ఇంకొకటుంది. సీట్లెక్కువ వచ్చాయి కాబట్టి మేం ఈ దేశంలో ఎవరమో తేల్చే అధికారం కూడా వచ్చిందనుకోవడం. అంబేడ్కర్ ఈ మాటే 1940లలో పదేపదే చెప్పాడు. రాజకీయ మెజారిటీ మారుతుంటుంది, మతంతో పుట్టే మెజారిటీ మారదు, దాన్ని రాజకీయ మెజారిటీ అని పిలిచి మోసపోవద్దన్నాడు. అధికారంలో వాటా అడిగిన మైనారిటీది మతతత్వమట, అధికారమంతా మింగేసిన మెజారిటీది జాతీయతట అని ఎత్తిపొడిచాడు. ఆయన బొమ్మకు దండలేసేవాళ్లు ఎక్కువయ్యారు, ఈ మాట గుర్తుచేసేవాళ్లు తగ్గిపోయారు.

మా ఇంట్లోనూ పోరు తక్కువేం కాదు. మా మొహల్లా మసీదులో అస్ర్ నమాజు తర్వాత మెట్ల మీద కూర్చునే ఒక చిచ్చా ఉండేవాడు. నేను ఇట్లాంటివి మాట్లాడినప్పుడల్లా "సబర్ కరో బేటా, చుప్ బైఠో, అచ్ఛా దిన్ భీ ఆతా" అనేవాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కర్ఫ్యూల కాలం చూసిన మనిషి. కానీ చిచ్చా, సబర్ అంటే దెబ్బ తగిలినప్పుడు కాలు జారకుండా నిలబడటం గదా. పెదవులు కుట్టుకోవడం సబర్ ఎప్పుడైంది? జాలిం ముందు నిజం చెప్పడాన్ని మన దీన్ ఎంత ఎత్తున పెట్టిందో మీకు నాకంటే బాగా తెలుసు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు షాహీన్‌బాగ్ రోడ్డు మీద చలిలో కూర్చున్నది మౌలానాలు కాదు, నాయకులు కాదు. నానీలు, దాదీలు, చంకలో బిడ్డలున్న తల్లులు. 2020 జనవరి 4న హైదరాబాద్ ఇందిరాపార్కు దారులన్నీ నిండిపోయినప్పుడు కూడా ఎవరో పిలిస్తే వచ్చిన జనంలా లేరు. అంతకు ఏడు నెలల ముందే 303 సీట్ల 'తీర్పు' వచ్చి ఉంది. దాన్ని తలకెత్తుకుని ఇంట్లో కూర్చుంటే ఆ చట్టం నియమాలు బయటికి రావడానికి 2024 మార్చి దాకా పట్టేదా?

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తెలుగులో ఫిర్యాదు ఫారసీ నుంచి వచ్చింది. హక్కు అరబ్బీ మాట. అర్జీ, వకీలు, జవాబు, తకరారు, రాజీ ఇవన్నీ అట్లా నడిచొచ్చి తెలుగు ఊళ్లల్లో ఇళ్లు కట్టుకున్నవే. పొలం గట్టు దగ్గర కొట్లాడుకునే రైతుకు ఇవి పరాయి మాటలని తోచనే తోచదు. ఇన్ని మాటలు తెచ్చిన మా దగ్గరికొచ్చి, అందులో రాజీ ఒక్కటి మాకు వదిలేసి హక్కూ, ఫిర్యాదూ మీరుంచుకుంటామంటే ఎట్లా?

మాట్లాడితే ఏమొస్తుంది, హిందువుల ఓట్లు ఇంకా గట్టిపడతాయి అంటారు మా సెక్యులర్ మిత్రులు. కైరానా చూడండి. ముజఫర్‌నగర్ పక్క నియోజకవర్గం. 2013లో ఊళ్లు విడిచిన కుటుంబాలు చాలావరకు తలదాచుకున్నది ఆ చుట్టుపక్కలే. 2014లో అక్కడ గెలిచిన బీజేపీ ఎంపీ చనిపోతే 2018 మేలో ఉపఎన్నిక వచ్చింది. సరిగ్గా అప్పుడే అలీగఢ్ విశ్వవిద్యాలయంలో ఉన్న జిన్నా పటం మీద రగడ లేపారు. చెరకు బకాయిలతో కాలుతున్న జాట్ రైతులు 'జిన్నా కాదు, గన్నా' అన్నారు. గన్నా అంటే చెరకు. తబస్సుమ్ హసన్ గెలిచింది. ఆ సున్నాను చెరిపి, ఆ లోక్‌సభలో ఉత్తరప్రదేశ్ నుంచి అడుగుపెట్టిన మొదటి ముస్లిం ఆమె. తలలు పగిలిన ఊళ్లల్లో మళ్లీ ఒకరి గడపలోకి ఒకరు పోయి మాట్లాడుకోకుండా అది జరిగేది కాదు. మరుసటేడు సీటు మళ్లీ పోయింది, అదీ నిజమే. 2024లో కైరానా, ముజఫర్‌నగర్ రెండూ తిరిగొచ్చాయి.

2024 ఏప్రిల్ 21న ప్రధానమంత్రి రాజస్థాన్‌లోని బాంస్వాడాలో మాట్లాడుతూ చొరబాటుదారులన్నారు, ఎక్కువమంది పిల్లల్ని కనేవాళ్లన్నారు, మంగళసూత్రాలన్నారు. ఎవర్నన్నారో వినేవాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. వేలమంది పౌరులు ఎన్నికల సంఘానికి ఉత్తరాలు రాశారు. నోటీసు వెళ్లింది మాట్లాడినాయనకు కాదు, పార్టీ అధ్యక్షుడికి. ఆ బాంస్వాడాలోనే ఆదివాసీలు తమ పార్టీ కుర్రాణ్ణి, రాజ్‌కుమార్ రోత్‌ను, రెండు లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించుకున్నారు. 303 కాస్తా 240 అయింది.

ఇక్కడే మన తెలుగువాళ్ల వంతు వస్తుంది. ఆ 240కి తక్కువపడినవాటిలో 16 సీట్లు తెలుగుదేశం ఇచ్చింది. 2002 ఏప్రిల్‌లో గుజరాత్ ముఖ్యమంత్రిని మార్చాలని డిమాండ్ చేసిన పార్టీయే ఇది. ఆ 16 ఆసరాగా 2024 జూన్ 9న ప్రమాణం చేసిన 72 మందిలో ముస్లిం ఒక్కరు లేరు. కాంగ్రెస్ వాళ్లు మురిసిపోనక్కర్లేదు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఏర్పడ్డ వాళ్ల మంత్రివర్గంలోనూ 2025 అక్టోబరు 31 దాకా మావాళ్లు లేరు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు 288 ఓట్లతో లోక్‌సభ దాటింది. తెలుగుదేశం మద్దతిచ్చింది. ముస్లింలకు మంత్రివర్గంలో కుర్చీ వెయ్యనివాళ్లు, మా తాతలు రాసిచ్చిన వక్ఫ్ ఆస్తుల బోర్డుల్లో మాత్రం ముస్లిమేతరులకు కుర్చీలు వేశారు. ఐదేళ్లుగా ఇస్లాం పాటిస్తున్నట్టు చూపిస్తేనే వక్ఫ్ చేయాలన్న షరతును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆపింది. దాన్ని ఆపమని అడగాల్సినవాళ్లు మాత్రం సభలో చేతులెత్తి వచ్చారు.

గుంటూరులో, కర్నూలులో, నంద్యాలలో మా ఓట్లు కూడా తీసుకుని గెలిచిన ఎంపీలున్నారు. ఆంధ్రలో మా 4 శాతం రిజర్వేషన్ ఉంచుతామన్నారు, సంతోషం. ఆ రాత్రి వక్ఫ్ బిల్లుకు ఎందుకు ఓటేశారో మాత్రం మా వీధుల్లోకొచ్చి చెప్పలేదు. పిలిచి అడగాలి. మసీదు మెట్ల మీద కాదు, బజార్లో కుర్చీ వేసి, వాళ్లకు ఓటేసిన హిందూ అన్నదమ్ముల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. చిచ్చా కూడా వస్తానంటే ఆయనకో కుర్చీ వేద్దాం.