పాలిచ్చే తల్లికి సెలవెవరిస్తారు?

"పాలిస్తున్నన్నాళ్లూ కడుపు రాదమ్మా, ప్రకృతే చూసుకుంటుంది" అని మా వాడల్లో సలహాలు పంచే పెద్దమనుషులారా! సగమే చెప్పి ఊరుకుంటున్నారు. మిగతా సగం నేను చెప్తా.

పాలివ్వడం వల్ల గర్భం ఆగుతుందన్నది నిజమే. బిడ్డ పదే పదే రొమ్ము చీకితే తల్లి ఒంట్లో అండం విడుదల ఆగుతుంది. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో నిపుణులు కూర్చుని తేల్చారు: మూడు షరతులు కుదిరితే 98 శాతం రక్షణ. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. తల్లికి ముట్టు తిరిగి రాకూడదు. బిడ్డకు దాదాపుగా తల్లిపాలే పట్టాలి, పగలు నాలుగు గంటలకు, రాత్రి ఆరు గంటలకు మించి ఎడం రాకూడదు. ఒక్కటి తప్పినా వేరే పద్ధతి వాడాల్సిందే. "ఇంకా ముట్టు రాలేదుగా" అన్న ధీమా ఆరు నెలలు దాటాక పనికిరాదు. ముట్టుకంటే ముందే అండం విడుదల కావచ్చు.

ఇప్పుడు మూడో షరతు దగ్గర ఆగండి. మిర్చి కోతలకు తెల్లారకముందే ఆటో ఎక్కి, పొద్దుగూకాక ఇల్లు చేరే మాల, మాదిగ కూలితల్లి నాలుగు గంటలకోసారి పాలెలా ఇస్తుంది? బిడ్డ ఇంట్లో ముసలామె ఒళ్లో డబ్బాపాలు తాగుతుంటుంది. ఆమెకు మళ్లీ నెల తప్పితే "వీళ్లు పందుల్లా కంటారు" అనేది మీరే.

2017 సవరణతో 26 వారాల జీతంతో సెలవొచ్చింది. ఎవరికి? పది మందికి తగ్గకుండా పనిచేసే సంస్థల్లో ఉద్యోగులకు. చేలో కూలికి హాజరుపట్టీ ఏది? మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చేది 5,000 రూపాయలు, అదీ వాయిదాల్లో. ఆరు నెలల కూలిలో అది ఎన్నో వంతో లెక్కేసుకోండి.

చివరికి మిగిలేది కత్తి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. మగవాడి ఒంటిమీద గాటు పడదు, ప్రకృతి భారమూ ఆమెదే, కత్తి భారమూ ఆమెదే.

బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సెలవు బిల్లును సమర్థించారు. 1938లో సంతాన నియంత్రణ తీర్మానం తెచ్చిందీ ఆయన పక్షమే. విశ్రాంతి హక్కు, కనాలా వద్దా అనే హక్కు రెండూ ఒకే తల్లివి.

కాబట్టి మూడు షరతులూ పూర్తిగా చెప్పండి. ఆరు నెలల కూలి చెల్లించండి. పని దగ్గర పిల్లల్ని చూసే మనిషిని పెట్టండి. అది చెయ్యకుండా ప్రకృతి పేరెత్తకండి.

జై భీమ్.

(ఇంకా ఉంది)