గ్యాస్ అని పంపేస్తే సరిపోదు, ఏ పరీక్ష చేశారో చెప్పండి

తమ్ముడూ, చెల్లీ! ఏజెన్సీలో ఛాతీ నొప్పికి ఒకటే పేరు. గ్యాస్! పోడు చేలోంచి వచ్చిన పాతికేళ్ల కుర్రోడికీ గ్యాసే, నెల నిండని బాలింతకీ గ్యాసే, షుగరున్న పెద్దాయనకీ గ్యాసే. ఒక మాత్ర, ఒక సూది, "కారం తగ్గించు" అని ఒక మాట. చీటీ మీద ఏ పరీక్ష పేరూ ఉండదు, ఎందుకంటే ఏదీ చేయలేదు. ఆ రాత్రి మనిషి పోతే హఠాన్మరణం అంటారు. మర్నాడు డోలీ ఫోటో వస్తుంది. మనం షేర్ చేస్తాం. అంతే.

మన వాళ్లది కారణం తెలియని నొప్పి కాదు. కారణం వెతకని నొప్పి. మొదటిది వైద్యానికున్న హద్దు. రెండోది నిర్లక్ష్యం.

నిజమే, ప్రతి ఛాతీ నొప్పీ గుండెపోటు కాదు. కండరం పట్టేసి ఉండొచ్చు, నిజంగానే పుల్ల తేన్పుల మంటా కావొచ్చు. కానీ గ్యాస్ అనేది ప్రాణం తీసేవి కావని తేలాక, చివర్లో చెప్పాల్సిన మాట. ముందు తేల్చాల్సినవి వేరే ఉన్నాయి. గుండెపోటు. ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ. బాలింతలకూ, మంచం పట్టినోళ్లకూ ఈ ముప్పు ఎక్కువ. న్యుమోనియా. టీబీతో ఊపిరితిత్తి చుట్టూ చేరే నీరు. చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల వాపుతో మొదలై గుండె కవాటాల్ని పాడుచేసే రుమాటిక్ జబ్బు.

ఇంకొకటి మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. సికిల్ సెల్. ఈ జబ్బున్నోళ్లకి ఛాతీ నొప్పి, జ్వరం, ఆయాసం కలిసి వస్తే అది అత్యవసరం. ఎక్స్‌రే తీయాలి, ఆక్సిజన్ చూడాలి, అవసరమైతే రక్తం ఎక్కించాలి. 2047 నాటికి సికిల్ సెల్‌ని లేకుండా చేస్తామని కేంద్రం 2023 జూలై 1న మిషన్ మొదలుపెట్టింది. బాగుంది. మరి ఛాతీ పట్టుకుని వచ్చిన ఆదివాసీ పిల్లాణ్ని "నీకు సికిల్ సెల్ పరీక్ష అయిందా?" అని ఎంతమంది అడుగుతున్నారు?

గుండెపోటు అనుమానం ఉంటే ఆస్పత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యులే పెట్టుకున్న నియమం. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని కథ అయిపోదు. మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయాలి. అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది, కాబట్టి రెండోసారీ చూడాలి. గడ్డ కరిగించే సూది నొప్పి మొదలైన 12 గంటల్లోపే, అదీ ఎంత ముందైతే అంత మేలు. మన కొండల మీద ఆ గంటలు డోలీ మీదే కరిగిపోతున్నాయి. మిగిలినవి గ్యాస్ మాత్ర మింగేస్తోంది.

"ఆదివాసీలు ఆస్పత్రికి రారండీ, నాటువైద్యమే నమ్ముతారు" అంటారు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, కొండ దిగి వచ్చినోణ్ని ముట్టుకోకుండా మాత్రిచ్చి పంపితే రెండోసారి ఎవడొస్తాడు? "వాళ్ల భాష అర్థం కాదు" అంటారు. కువి, సవర, కోయ, గోండి మాట్లాడే అవ్వకి తెలుగు రాకపోవడం నేరం కాదు. ఆమె భాష తెలిసినోళ్లని అక్కడ పెట్టకపోవడం నేరం. నొక్కినట్టుందా, పొడిచినట్టుందా, చేతికీ దవడకీ పాకుతోందా, నడిస్తే పెరుగుతోందా? సగం రోగనిర్ధారణ ఈ ప్రశ్నల్లోనే ఉంది. "జనాభా తక్కువ" అంటారు. మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అయితే, గిరిజన ప్రాంతంలో 20 వేలకే ఒకటి ఉండాలని ప్రభుత్వమే రాసుకుంది. కొండ దూరం వాళ్లకి తెలియక కాదు.

ఇది దయ కాదు, హక్కు. రైల్లోంచి పడ్డ ఒక కూలీని ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపిన కేసులో, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంపై 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం ఆర్టికల్ 21 ఉల్లంఘనేననీ, డబ్బుల్లేవన్న సాకు చెల్లదనీ అంది.

కాబట్టి చదువుకున్న మీరు చేయాల్సిన పని ఉంది. ఛాతీ నొప్పి వచ్చినోళ్లతో ఒకరు వెళ్లండి. 108కి ఫోన్ చేసిన టైమూ, నొప్పి మొదలైన టైమూ రాసుకోండి. ఈసీజీ అడగండి. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి, వెంటనే ఫోటో తీయండి. "ఏమేం కాదని తేల్చారు సార్?" అని మర్యాదగా, గట్టిగా అడగండి. పెద్దాస్పత్రికి పంపితే ఈసీజీతో పాటే పంపమనండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నియమావళి చెబుతోంది. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే ఆర్టీఐ కింద 48 గంటల్లో ఇవ్వాలి.

ఇంకోటి. మీ పీహెచ్‌సీకి వెళ్లి నాలుగు ప్రశ్నలు రాసుకురండి. ఈసీజీ మిషన్ ఉందా? పనిచేస్తోందా? రాత్రిపూట తీసేదెవరు? చదివేదెవరు? ఆ జవాబుల్ని గ్రీవెన్స్‌లో ఐటీడీఏ పీవో ముందు పెట్టి రసీదు తీసుకోండి.

డోలీ ఫోటో ఒక్కటే పెడితే జాలిపడి మర్చిపోతారు. దాని పక్కన పరీక్ష పేరు లేని ఆ చీటీ కూడా పెట్టండి, రోగి పేరు కప్పేసి. అప్పుడు జవాబు చెప్పాల్సింది ఎవరో అందరికీ తెలుస్తుంది.

జోహార్!