అక్షికటకాల తారతమ్యం

దూరదర్శిని కొనేవారు తొలుత అడిగే ప్రశ్న, ‘ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుంది?’ అనే. వస్తుకటక నాభ్యంతరాన్ని అక్షికటక నాభ్యంతరంతో భాగిస్తే ఆ లెక్క తేలుతుంది. 1000 మిల్లీమీటర్ల దూరదర్శినికి 25 మిల్లీమీటర్ల అక్షికటకం 40 రెట్లు, 4 మిల్లీమీటర్లది 250 రెట్లు ఇస్తాయి. పెద్ద సంఖ్యనే మేలుగా ఎంచడం పొరపాటని నా అభిప్రాయం.

కొల్లూరులో మా విద్యార్థి ఒకడు ఉపకారవేతనం కూడబెట్టి 4 మిల్లీమీటర్లదే కొన్నాడు. పటాన్‌చెరు దీపకాంతితో తెల్లబారిన ఆకాశంలో గురుగ్రహం మసకగా, నీటి అడుగున నాణెంలా కదలాడింది. గాలిలోని అలజడి కూడా అన్ని రెట్లు పెరుగుతుంది కదా! విసిగి పరికరాన్ని అటకెక్కించాడు. పాత 25 మిల్లీమీటర్లదానిని అమర్చి చూపాను. గ్రహం చిన్నదే, కాని పక్కనే నాలుగు ఉపగ్రహాలు వరుసగా, స్పష్టంగా కనిపించాయి. 1610లో గెలీలియో వాటిని కనుగొన్నది సుమారు 20 రెట్ల సాధనంతోనే.

కళాశాలలు ముందుగా 25 మిల్లీమీటర్ల అక్షికటకాన్నే కొనాలి. 4 మిల్లీమీటర్లది గాలి నిలకడగా ఉన్న రాత్రులకు ఆగగలదు.